తెచ్చింది నేను, దువ్వుతున్నది అమ్మ

పోయిన దసరా సెలవులకి జేబీఎస్‌లో సిద్దిపేట బస్సెక్కినప్పుడు నా ఒళ్లో ఒక అట్టపెట్టె ఉంది. గాలి ఆడాలని పెన్నుతో పొడిచిన చిల్లులు, లోపల పాత టవల్, టవల్ మీద తెలుపూ గోధుమరంగూ కలిసిన షిట్జూ పిల్ల. ఇంటర్న్‌షిప్‌లో వచ్చిన మొదటి స్టైపెండ్‌లో చాలా భాగం దానికే పోయింది. కండక్టర్ అడిగితే ఏం చెప్పాలో తయారుగా ఉన్నాను గానీ, ప్రజ్ఞాపూర్ దాటేదాకా అది నిద్రే లేవలేదు.

సిద్దిపేటలో దిగి ఆటోలో నారాయణరావుపేట చేరేసరికి చీకటి పడింది. అమ్మ గచ్చు మీద కూర్చుని చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పెట్టె తెరిచి ముందు పెట్టాను.

"ఏంది రా గది?"

"కుక్కపిల్ల అమ్మా. నీకే."

"నాకెందుకు రా?"

నాయినమ్మ మంచం మీంచి లేచొచ్చి కళ్లద్దాలు సర్దుకుని చూసి, "గిది కుక్కనా, గొర్రెపిల్లనా?" అంది. అందరం నవ్వాం. ఫొటోలు తీసుకున్నాం. షిట్జూ అంటే చైనా భాషలో సింహం అని ఎక్కడో చదివి ఉన్నాను కాబట్టి 'సింబా' అని పేరు పెట్టాను.

ఆ రోజు నేను అన్న "నీకే" అనే మాట గురించే ఈ వ్యాసం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హాస్టల్లో ఉండే మనం ఇంటికి కుక్కపిల్లని గిఫ్టుగా తీసుకెళ్లకూడదు. తీసుకెళ్లాలనే ఉంటే, దానికి ఎంత పని ఉంటుందో ముందు మనం నేర్చుకోవాలి, ఆ పని రోజూ చేయబోయే మనిషిని ముందు అడగాలి. పొడుగు బొచ్చున్న చిన్న జాతుల విషయంలో అయితే మరీను. నేను ఈ రెండూ చేయలేదు. చేయకపోతే ఏమవుతుందో చూశాను కాబట్టి రాస్తున్నాను.

మొదటి వారం

అమ్మినాయన "నలభై అయిదు రోజుల పిల్ల, టీకా వేసినం" అన్నాడు. టీకా కార్డు అడగాలని నాకు తెలియదు. నలభై అయిదు రోజులంటే ఆరు వారాల పైన కొన్ని రోజులు. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. అమ్మేవాళ్లకి రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఎనిమిది వారాలు అనే లెక్క ఊరికే పెట్టలేదు. అప్పటిదాకా పిల్ల తల్లి దగ్గర, తోటి పిల్లల దగ్గర ఉండి తినడం, ఆడటం, ఎంత గట్టిగా కొరికితే ఎదుటిదానికి నొప్పి పుడుతుందో నేర్చుకుంటుంది.

సెలవులైపోయి నేను హాస్టల్‌కి వచ్చేశాను. మర్నాడు ల్యాబ్‌లో ఉండగా అమ్మ ఫోన్. "ఏం తింటలేదు రా. కక్కుతుంది. రక్తం పడుతుంది." పార్వో. కుక్కపిల్లల పేగుల మీద దాడి చేసే వైరస్. మనుషులకి అంటదు గానీ, టీకాలు పూర్తికాని పిల్లలకి ప్రాణాంతకం. ఒంట్లోకి వెళ్లిన మూడు రోజుల నుంచి వారం లోపు బయటపడుతుంది. అంటే ఈ పిల్ల నా అట్టపెట్టెలోకి ఎక్కే ముందే దాన్ని మోసుకొచ్చి ఉండొచ్చు, లేదా మా వాకిట్లోనే తగిలి ఉండొచ్చు. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. మామూలు ఫినాయిల్‌కి లొంగదు, బ్లీచింగ్ ద్రావణం కావాలి.

బాపు అయిదు రోజులు వరసగా దాన్ని బండి మీద సిద్దిపేట తీసుకెళ్లి సెలైన్ పెట్టించుకొచ్చాడు. వెనక అమ్మ, అమ్మ ఒళ్లో టవల్‌లో చుట్టిన పిల్ల. ఆ అయిదు రోజులూ అమ్మ ఒక్క బీడీ చుట్టలేదు. చుట్టకపోతే కూలి లేదు. నాకు అప్పుడు ఇంటర్నల్స్. రాత్రి పూట వీడియో కాల్ చేసి "ఎట్లుంది?" అని అడగడం తప్ప నేను చేసిందేమీ లేదు. ఆరో రోజు అది లేచి రెండు చెంచాల గంజి తాగిందట. అమ్మ ఫోన్లో ఏడ్చింది.

బతికింది కాబట్టి ఈ వ్యాసం ఇలా రాస్తున్నాను. బతకకపోతే అసలు రాసేవాణ్ని కాదేమో.

అందుకే మొదటి పాఠం. పిల్లని ఇంటికి తెచ్చేముందే టీకా కార్డు చేతిలో ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాల వయసు దాకా. మూడు నెలలకి రేబిస్ టీకా, డాక్టర్ చెప్పిన రోజుకి బూస్టర్, ఆ తర్వాత ఏటా. నులిపురుగుల మందు మూడు నెలల వయసు దాకా రెండు వారాలకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి. టీకాలు పూర్తయ్యేదాకా వాడకుక్కలు తిరిగే నేల మీద వదలకూడదు. ఊళ్లో ఇది చాలా కష్టం. మా ఇంటి తలుపు పొద్దున తెరిస్తే రాత్రికే మూస్తాం. ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. అలాగని పిల్లని అర్రలో పెట్టి గొళ్లెం వేయడమూ మంచిది కాదు. మూడు నుంచి పద్నాలుగు వారాల మధ్యే దానికి మనుషులూ శబ్దాలూ అలవాటు కావాలి. చంకనెత్తుకుని వాకిట్లో నిలబడి ట్రాక్టర్ని, కోళ్లని, బడికెళ్లే పిల్లల్ని చూపించాలి. అమ్మకి ఇదెవరూ చెప్పలేదు. చంటిపిల్లల్ని అలాగే చూపిస్తాం కదా అని చూపించింది.

మొదటి రాత్రుల సంగతి కూడా చెప్పాలి. తల్లిని వదిలొచ్చిన పిల్ల ఏడుస్తుంది. "ఏడ్వనియ్, అదే ఊరుకుంటది" అని వేరే గదిలో పడేయడం మన దగ్గర మామూలు. అది భయంతో ఏడుస్తోంది, మొండితనంతో కాదు. మంచం పక్కనే పెట్టెలో పాత నూలు చీర మడత పరిచి పడుకోబెడితే, చెయ్యి కిందకి దించితే దానికి తగిలేంత దూరంలో ఉంటే, మూడు నాలుగు రాత్రుల్లో సర్దుకుంటుంది. లేచిన వెంటనే, తిన్న వెంటనే బయటికెత్తుకెళితే ఎక్కడ పోసుకోవాలో అదే నేర్చుకుంటుంది. ఇంట్లో పోస్తే కొట్టి ఏం లాభం లేదు. మనల్ని చూస్తే దాక్కోవడం మాత్రం నేర్చుకుంటుంది.

బొచ్చు చూసి కొన్నాను

నిజాయితీగా చెప్పాలంటే నేను దాని బొచ్చు చూసే కొన్నాను. రంగనాయకసాగర్ కట్ట మీద గాలికి ఆ బొచ్చు ఎగురుతుంటే తీసిన ఇరవై సెకన్ల రీల్‌కి నా జన్మలో రానన్ని లైకులొచ్చాయి. ఆ ఇరవై సెకన్ల వెనక రోజూ అరగంట పని ఉంది.

షిట్జూ బొచ్చు మన తల వెంట్రుకల్లాగా పెరుగుతూనే ఉంటుంది. రోజూ దువ్వకపోతే చెవుల వెనక, చంకల్లో, తోక కింద, పొట్ట మీద ఉండలు కడుతుంది. ఆ ఉండలు చర్మాన్ని లాగుతాయి, కింద చెమ్మ నిలిచి పుండ్లు పడతాయి. పైపైన దువ్వితే అందంగానే కనిపిస్తుంది, లోపల చాపలాగా అల్లుకుపోయి ఉంటుంది. పాయలు పాయలుగా విడదీసి, కుదురు దాకా దువ్వాలి. స్నానం రెండు మూడు వారాలకోసారి చాలు. అదీ దువ్వాకే పోయాలి. ఉండలున్న బొచ్చు మీద నీళ్లు పోస్తే ఆ ముడులు ఇంకా బిగుసుకుంటాయి. మన షాంపూ పనికిరాదు. మన చర్మానికి ఆమ్ల గుణం ఎక్కువ, దాని చర్మానికి తక్కువ. పోసిన తర్వాత కుదుళ్ల దాకా ఆరాలి. చెవుల్లో నీళ్లు నిలవకూడదు.

కళ్ల మీద పడే వెంట్రుకలు గుడ్డుకి గీసుకుంటే పుండు పడుతుంది. కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి రోజూ కళ్ల మూలలు తుడవాలి. అమ్మ దానికి మెత్తటి రబ్బరుబ్యాండ్‌తో నెత్తి మీద పిలక వేసింది. వాడలో పిల్లలందరూ ఆ పిలక చూడ్డానికే వస్తారు.

మా తాత కురుమ దోస్తు ఒకాయన వాకిట్లో కూర్చుని ఇదంతా చూసి, "గొర్లకు ఏడాదికి రెండు సార్లు ఉన్ని కత్తిరిస్తం. దీనికీ కత్తిరించుండ్రి. తెల్లందాక దువ్వుడు ఎందుకు?" అన్నాడు. మేం నవ్వాం గానీ, ఆయన చెప్పిందాంట్లో సగం కరెక్టు. షిట్జూకి బొచ్చు పొట్టిగా కత్తిరించొచ్చు. ఎండ చర్మానికి నేరుగా తగలకుండా ఒక అంగుళం దాకా ఉంచితే చాలు. మన ఎండలకి అదే మేలు. అదే పొమేరియన్ లాంటి కుక్కకైతే ఈ సలహా పనికిరాదు. దానికి రెండు పొరల బొచ్చు. లోపలి మెత్తటి పొర, బయటి పొర కలిసి చలినీ వేడినీ రెండింటినీ ఆపుతాయి. నున్నగా గొరిగిస్తే కొన్నింటికి మళ్లీ సరిగ్గా పెరగదు. ఏ జాతికి ఏది అన్నది కొనేముందు తెలుసుకోవాల్సిన విషయం.

అమ్మకి కత్తెర పట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. తునికాకు కత్తిరించిన చెయ్యి అది. మొదటిసారి దాని బొచ్చు కత్తిరించింది కూడా ఆ ఆకు కత్తెరతోనే. అది మొన ఉన్న కత్తెర, పిల్ల కదిలితే ప్రమాదం. మొద్దు మొనల కత్తెర, ఉక్కు దువ్వెన తర్వాత నేను పంపించాను. తర్వాత. ఈ కథలో నేను చేసినవన్నీ తర్వాతే.

మా ఇంట్లో ఉన్న విషం

పెంపకం వీడియోల్లో ఏసీ గదులు, ఎత్తైన సోఫాలు ఉంటాయి. మా ఇంట్లో తంబాకు చాట ఉంటుంది. తంబాకులోని నికోటిన్ కుక్కకి విషం. రెండు మూడు కిలోల పిల్లకి కొంచెం మింగినా చాలు, వాంతులు, వణుకు, ఫిట్స్ దాకా పోతుంది. ఎక్కడ చూసినా మూతి పెట్టే వయసు, నేల మీద కూర్చుని చేసే పని. ఒకరోజు రాలిన పొడి నాకబోతుంటే అమ్మ చూసి నోట్లో వేలు పెట్టి తీసిందట. "నీ కుక్క కోసం నా పని బల్ల మీద పెట్టుకోవాల్నా?" అని అడిగింది నన్ను. నా దగ్గర జవాబు లేదు. సిద్దిపేట చుట్టుపక్కల ఎన్నో ఇళ్లల్లో బీడీలు చుడతారు. కుక్కపిల్ల తేవాలనుకునే ముందు నేను ఆలోచించాల్సిన మొదటి విషయం ఇది. చివరికి కూడా తట్టలేదు.

తిండి సంగతీ అంతే. ఊళ్లో కుక్కకి వేరే వండటం అంటే నవ్వుతారు. మిగిలిన అన్నం, చారు, ఆదివారం కోడికూర బొక్కలు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్క ఎర్ర రక్తకణాలని పాడుచేస్తాయి. ఉడికిన కోడి బొక్క చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్ అసలు పెట్టకూడదు. పాలు చాలా పిల్లలకి అరగవు, విరేచనాలవుతాయి. ఉప్పు కారం ఉల్లి లేకుండా ఉడికించిన కోడి, గుడ్డు, మెత్తటి అన్నం, కొంచెం పెరుగు, లేదా కుక్కపిల్లల కోసం అమ్మే తిండి. చిన్న జాతి పిల్ల కడుపు చిన్నది. రోజుకి నాలుగు సార్లు కొంచెం కొంచెం పెట్టాలి. ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంటే రక్తంలో చక్కెర పడిపోయి సోలిపోతుంది. రోజుకి నాలుగు సార్లు అంటే ఆ ఇంట్లో ఎవరో ఒకరు దావత్‌కి పోయినా, పొలం పోయినా మధ్యాహ్నానికి తిరిగి రావాలి. మా ఇంట్లో ఆ ఒకరు ఎప్పుడూ అమ్మే.

ఎండాకాలం మన జిల్లాలో నలభై డిగ్రీలు దాటుతుంది. కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పి ఒంటి వేడి బయటికి పంపుతుంది. షిట్జూకి ముక్కు చప్పిడి, రొప్పడం కూడా సరిగ్గా సాగదు. అందుకే ముందు వడదెబ్బ తగిలేది ఇలాంటి కుక్కలకే. నడకకి పొద్దున ఎండ ఎక్కకముందు, సాయంత్రం పొద్దుగూకాక తీసుకెళ్లాలి. సీసీ రోడ్డు మీద చేతి వెనకభాగం అయిదు సెకన్లు ఆనించి చూడండి. మీ చేతికి ఓర్వలేకపోతే దాని పాదానికీ ఓర్వలేదు. మా ఇంట్లో షాబాద్ బండల మీద, కూలర్ ముందు దానికొక జాగా ఉంది. కరెంటు పోతే అమ్మ తడిగుడ్డతో పొట్టా పాదాలూ తుడుస్తుంది. ఇక గోమార్లు, కొన్నిచోట్ల పిడుదులంటారు. అవి కుట్టి తెచ్చే జ్వరాలు కుక్కని చంపగలవు. రోజూ దువ్వేటప్పుడే చెవుల్లో, వేళ్ల సందుల్లో వెతకాలి. ఎడ్లకీ బర్లకీ వాడే మందు అంచనా మీద దీనికి పూయకూడదు. పశువు బరువెక్కడ, దీని బరువెక్కడ?

పశువుల డాక్టర్ల గురించి కూడా ఒక మాట. మన దగ్గర పశువైద్యం అంటే ప్రధానంగా బర్లు, ఎడ్లు, గొర్లు, మేకలు. గొర్రెల పంపిణీ పథకం 2017లో మొదలైంది కూడా మన జిల్లాలోని కొండపాకలోనే. అది తప్పు కాదు, ఊరి బతుకు దాని మీదే ఉంది. కానీ షిట్జూ కంట్లో పుండు పడితే ఊళ్లో చూపించలేం, టౌనుకి పోవాలి. పెద్ద సమస్యయితే హైదరాబాద్‌కే. తెచ్చేముందు ఈ దూరం కూడా లెక్కవేసుకోవాలి.

మనం ఎందుకు తెస్తున్నాం?

జాతికుక్కల మోజు సినిమాలతో, ప్రకటనలతో మారుతూ వస్తోంది. 1994లో 'హమ్ ఆప్‌కే హై కౌన్'లో టఫీని చూసి ఇంటింటా తెల్ల బొచ్చు కుక్క కావాలన్నారు. 2003లో హచ్ ప్రకటన వచ్చాక అందరికీ పగ్ కావాలి. ఇప్పుడు రీల్స్‌లో షిట్జూలు. టిబెట్, చైనా చలిలో పెరిగిన కుక్క సిద్దిపేట మే నెలలో ఎలా ఊపిరి తీస్తుందని రీల్ చెప్పదు. 2022లో వచ్చిన '777 చార్లీ' చూసి మన హాస్టల్ మొత్తం ఏడ్చింది. ఆ సినిమాలో చార్లీ తప్పించుకొచ్చింది ఒక క్రూరమైన బ్రీడర్ దగ్గర్నుంచి. అది చూసిన మనమే కార్డు లేకుండా, తల్లిని చూడకుండా పిల్లని కొనుక్కొస్తాం. నేనే ఉదాహరణ.

మోజు తీరాక ఏమవుతుంది? దాన్ని ఎక్కడో వదిలేస్తారు. కారణం లేకుండా పెంపుడు జంతువుని ఆకలికో దాహానికో చచ్చేలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అటుంచండి. పిలక వేసిన షిట్జూ వాడలో వాడకుక్కల మధ్య ఎన్ని రోజులు బతుకుతుంది?

కుక్క కావాలంటే మన వాడల్లో పుట్టే పిల్లలున్నాయి కదా అని కూడా ఇప్పుడు నాకు అనిపిస్తోంది. పొట్టి బొచ్చు, మన ఎండకి అలవాటుపడ్డ ఒళ్లు. దానికీ టీకాలు కావాలి, ప్రేమ కావాలి. రోజూ అరగంట దువ్వడం మాత్రం అక్కర్లేదు. దాన్ని తెస్తే "గిదేంది రా, వాడకుక్కను తెచ్చినవ్" అంటారని మనకి నామోషీ. నాకూ ఉండేది.

అమ్మ ఏమంటుంది?

ఇది చదివి మీలో కొందరు అడుగుతారు. మీ అమ్మకి ఇప్పుడు అదంటే ఇష్టమే కదా, మరి నీ బాధేంటి?

ఇష్టమే. చలికాలంలో ఒకసారి ఇంటికి వెళ్లినప్పుడు నేనే అడిగాను, "కష్టమైతుందా అమ్మా, తెలిసినోళ్లకు ఇచ్చేద్దామా?" అని. "నోర్మూయ్. నిన్ను ఇచ్చినమా ఎవలికన్న?" అంది. సింబా అన్న పేరు నా ఫోన్‌లోనే మిగిలింది. ఇంట్లో అందరూ దాన్ని 'చిన్నోడు' అంటారు. అంతకుముందు మా ఇంట్లో చిన్నోడు అంటే నేను.

అయినా నా అభిప్రాయం మారలేదు. అమ్మకి దాని మీద ప్రేమ పుట్టింది అమ్మ మంచితనం వల్ల. నేను చేసిన పని సరైందని దానివల్ల రుజువు కాదు. మన ఇళ్లల్లో ఇది చాలా పాత అలవాటు. మొక్క తెస్తాం, నీళ్లు అమ్మ పోస్తుంది. చుట్టాల్ని పిలుస్తాం, వంట అమ్మ చేస్తుంది. ఆమె కాదనదు కాబట్టి ఆమెకి పని కాదనుకుంటాం. ఆ అయిదు రోజుల బీడీల కూలి ఎవరి లెక్కలో రాశాం?

మహాభారతంలో మహాప్రస్థానిక పర్వం కథ మనందరికీ తెలుసు. ధర్మరాజు వెంట హస్తినాపురం నుంచి ఒక కుక్క నడిచొస్తుంది. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమంటే, కుక్కని వదిలి స్వర్గానికి రానంటాడు. చిన్నప్పుడు అది ధర్మానికి పరీక్ష అని చదువుకున్నాం. ఇప్పుడు నాకు ఇంకో సంగతి కనిపిస్తోంది. ఆ కుక్కని ధర్మరాజు కొని తేలేదు, పిలవలేదు. దానంతట అదే వచ్చింది. అయినా దాని బాధ్యత ద్రౌపదికో, తమ్ముళ్లకో అప్పజెప్పలేదు. వాళ్లందరూ దారిలో పడిపోయాక చివరిదాకా తనతోనే ఉంచుకున్నాడు. మనం డబ్బులు పెట్టి తెచ్చినదాన్ని మొదటి వారంలోనే ఇంట్లోవాళ్ల చేతిలో పెట్టి బస్సెక్కుతాం.

తేవాలనే ఉంటే

మనం ఇంజినీరింగ్ వాళ్లం. ఏ యంత్రమైనా కొనే ఖర్చు కంటే నడిపే ఖర్చు చూడాలని మనకి క్లాసులో చెప్తూనే ఉంటారు. షిట్జూ పదేళ్ల నుంచి పదహారేళ్ల దాకా బతుకుతుంది. ఇప్పుడు మీకు ఇరవై అయితే, మీ ఉద్యోగం, బదిలీలు, పెళ్లి, పిల్లలు అన్నీ దాని జీవితకాలంలోనే వస్తాయి. అప్పుడు అది ఎవరితో ఉంటుంది? ఇంటి నుంచి దూరంగా ఉన్నంతకాలం రోజూ దువ్వేది, నాలుగు సార్లు తిండి పెట్టేది ఎవరు? వాళ్లని అడిగారా? వాళ్లు "నీ ఇష్టం" అన్నారా, "సరే, నేను చూస్తా" అన్నారా? ఈ రెండూ ఒకటి కాదు. నెలకి టీకాలు, మందులు, తిండి ఖర్చు మీరు పంపగలరా? టీకా కార్డు, తల్లి కుక్క, పిల్ల వయసు మూడూ చూశారా? మీ ఇంట్లో నేల మీద ఏమేం ఉంటాయో ఒకసారి గుర్తుచేసుకున్నారా?

వీటికి జవాబులుంటే సంతోషంగా తెచ్చుకోండి. ఆ పిల్ల మీ ఇంటికి ఎంత వెలుగు తెస్తుందో నేను చెప్పక్కర్లేదు. జవాబులు లేకపోతే ఉద్యోగం వచ్చి, సొంతంగా ఒక గదీ ఒక తీరికా దొరికేదాకా ఆగండి. అప్పటిదాకా హాస్టల్ గేటు దగ్గర తిరిగే కుక్కలకి గిన్నెలో నీళ్లు పెట్టండి. వాటికి రేబిస్ టీకా వేయించడానికి చందా పోగుచేయండి. సెప్టెంబర్ 28 ప్రపంచ రేబిస్ దినం, ఆ రోజు మన క్లబ్ తరఫునే చేయొచ్చు.

నా సంగతి అడిగితే, ఇప్పుడు రెండో శనివారం తప్పకుండా ఇంటికి వెళ్తున్నాను. ఆ రోజు దువ్వడం, గోళ్లు తీయడం, కత్తిరించడం, స్నానం అన్నీ నావి. టీకాల తేదీలు నా ఫోన్‌లో ఉన్నాయి, ఖర్చు ట్యూషన్లు చెప్పి పంపుతున్నాను. అమ్మ చాట పెట్టుకోవడానికి ఎత్తు బల్ల ఒకటి చేయించాను. నెలలో ఒక్క రోజు నేను చేస్తే మిగతా రోజులన్నీ అమ్మే చేస్తోందని నాకు తెలుసు. పోయిన శనివారం నేను దువ్వుతుంటే అమ్మ పక్కన కూర్చుని చూసి, "చెవ్వెనక మర్చిపోయినవ్ రా" అంది. చూస్తే నిజంగానే అక్కడొక ఉండ ఉంది.